ఒకే రోజు, ఒకే కిట్, రెండు పాజిటివ్‌లు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో నాలుగేళ్ల తల్లిపిల్లి, దాని మూడు నెలల కూనలు రెండు ఉన్నాయి. తల్లి ఇల్లు దాటదు. ఒకే ఒక్కసారి తప్పించుకుపోయి నాలుగు రోజులకు తిరిగొచ్చింది, ఈ కూనలు ఆ తర్వాత పుట్టినవే. నెల క్రితం మెడ మీద చీము పట్టిన గాయంతో ఒక గండుపిల్లి మా వాకిట్లోకి వచ్చి కూలబడింది. వదిలేయడానికి మనసొప్పక వేరే గదిలో పెట్టి వైద్యం చేయిస్తున్నాం. మొన్న నాలుగింటికీ రక్తపరీక్ష చేయించాం. గండుపిల్లికి ఎఫ్‌ఐవి, అంటే పిల్లుల నిరోధకశక్తిని దెబ్బతీసే వైరస్, పాజిటివ్ అన్నారు. కూనల్లో ఒకదానికి ల్యుకేమియా వైరస్ గీత సన్నగా కనిపించింది. మిగతావన్నీ నెగెటివ్. తెలిసినవాళ్లు "ఆ రెండిటికీ ఇంజెక్షన్ చేయించేయండి, లేకపోతే అన్నీ పోతాయి, పైగా చిన్నపిల్లలున్న ఇల్లు" అంటున్నారు. ఇంటర్నెట్‌లో ఒకచోట ఈ వైరస్‌లు నూటికి రెండు పిల్లుల్లోనే ఉంటాయని, ఇంకోచోట ప్రతి నాలుగింటిలో ఒకదానికి ఉంటాయని రాశారు. సింహాలకు కూడా ఉంటాయట. ఏది నమ్మాలి? మా ఇంటి వెనక తోటలోకి రాత్రిళ్లు అడవిపిల్లులు వస్తుంటాయి, వాటికీ అంటుతుందా? వారం రోజులుగా నిద్ర లేదు.

జవాబు: అన్నిటికంటే ముందు, ఆ ఇంజెక్షన్ మాట పక్కన పెట్టండి. మీరు రాసిన వివరాల్లో ఏ పిల్లి ప్రాణమూ తీయాల్సిన కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు. కూనకైతే అసలు జబ్బు ఉందో లేదో కూడా ఇంకా తేలలేదు. అది తేలకముందే నిర్ణయం తీసుకుంటే తర్వాత దిద్దుకోలేం.

పిల్లల గురించి టెన్షన్ వద్దు. ఎఫ్‌ఐవిని కొందరు "పిల్లుల ఎయిడ్స్" అంటారు, ఆ పేరు చేసిన చెడు ఇంతా అంతా కాదు. మనుషుల్లో ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవి, పిల్లుల్లోని ఎఫ్‌ఐవి ఒకే కుటుంబానికి చెందినవన్న మాట నిజమే. రెండూ లెంటీవైరస్‌లే. కానీ ఏ వైరస్ అయినా కణంలోకి దూరాలంటే దానికి సరిపోయే తలుపు ఉండాలి. హెచ్‌ఐవి మనిషి కణాల మీది సీడీ4 అనే ప్రోటీన్‌ని పట్టుకుని లోపలికి వెళ్తుంది. ఎఫ్‌ఐవి వెతుక్కునేది పిల్లి కణాల మీది సీడీ134ని. ల్యుకేమియా వైరస్ కూడా పిల్లిజాతి జంతువుల వైరస్సే. పిల్లుల కాట్లు, గీరుళ్లు పడుతూనే ఉండే పశువైద్యులు, వాళ్ల సహాయకులు ఎన్నో దశాబ్దాలుగా ఈ పిల్లుల మధ్యే పనిచేస్తున్నారు. ఈ రెండు వైరస్‌లలో ఏదైనా మనిషికి జబ్బు తెచ్చిందన్న దాఖలా లేదు. మీ పిల్లలు ఆ గండుపిల్లిని నిమిరినా, ఒళ్లో పెట్టుకున్నా ఈ వైరస్‌ల వల్ల ఏమీ కాదు. గాయం పూర్తిగా మానేదాకా చేతులు కడుక్కోమనండి, అది మామూలు శుభ్రత కోసం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రెండూ రెట్రోవైరస్‌లే. రెట్రోవైరస్ అంటే తన జన్యు సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా మోసుకొచ్చి, కణంలో చేరాక డీఎన్‌ఏగా మార్చి, ఆ కణపు డీఎన్‌ఏలోనే అతికించేసే వైరస్. ఒకసారి అతుక్కున్నాక దాన్ని పీకి బయట పారేసే మందు ఇప్పటికీ లేదు. పిల్లుల్లో ముఖ్యంగా చెప్పుకోవలసినవి రెండు. ల్యుకేమియా వైరస్‌ని 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం గుర్తించింది. ఎఫ్‌ఐవిని 1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో వేరుచేశారు. ఒకే చోట పెరుగుతున్న పిల్లులు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు చిక్కిపోతున్నాయో తెలుసుకోబోతే అది బయటపడింది. ఫోమీ వైరస్ అని మూడోది కూడా ఉంది. అది చాలా పిల్లుల్లో ఉంటుంది, దాదాపుగా ఏ హానీ చేయదు. ఎప్పుడైనా ఏ రిపోర్టులోనైనా ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

మొదటి రెండూ ఒకేలా అంటుకోవు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ల్యుకేమియా వైరస్ ఉమ్మిలో, ముక్కు స్రావాల్లో, పాలల్లో ఉంటుంది. ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకునే పిల్లులు, ఒకే గిన్నెలో తినే పిల్లులు, తల్లి పాలు తాగే కూనలు, వీటికి అది ఎక్కువగా అంటుతుంది. అంటే ఒకటంటే ఒకటికి ప్రాణమైన పిల్లుల మధ్య అది తిరుగుతుంది. ఎఫ్‌ఐవి తీరు వేరు. అది ముఖ్యంగా లోతైన కాటుతో, ఉమ్మి నేరుగా కండలోకి దిగినప్పుడు అంటుకుంటుంది. అది కొట్లాడుకునే పిల్లుల జబ్బు. మీ గండుపిల్లి మెడ మీద గాయం ఉందన్నారు చూడండి, ఆ ఒక్క మాటతోనే దాని గతం సగం అర్థమైపోయింది.

మీరు చూసిన రెండు లెక్కలూ అబద్ధాలు కావు. అమెరికా, కెనడాల్లో 2004లో 18,038 పిల్లులకు పరీక్ష చేస్తే ల్యుకేమియా వైరస్ 2.3 శాతంలో, ఎఫ్‌ఐవి 2.5 శాతంలో కనిపించాయి. తర్వాత అక్కడే 62,301 పిల్లులను చూసిన ఇంకో సర్వేలో అవి 3.1, 3.6 శాతంగా తేలాయి. జపాన్‌లో బయట తిరిగే పిల్లులను తీసుకుంటే ఎఫ్‌ఐవి దాదాపు నాలుగో వంతు పిల్లుల్లో ఉంది. యూరప్‌లో 32 దేశాల్లో ల్యుకేమియా వైరస్ కోసం వెతికితే మొత్తం మీద 2.3 శాతం వచ్చింది, కానీ దక్షిణాది దేశాల్లో అంతకు రెట్టింపు దాటింది. ఇంత తేడా వైరస్‌లో ఉన్నది కాదు, పరీక్షకు వచ్చిన పిల్లుల్లో ఉన్నది. ఇంట్లోనే ఉండే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడపిల్లులను లెక్కిస్తే ఒక అంకె వస్తుంది. ఆపరేషన్ కాక, రాత్రంతా హద్దుల కోసం పోట్లాడే మగపిల్లులను లెక్కిస్తే ఇంకో అంకె వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాటిని లెక్కిస్తే ఒకటి, నోటిపుండ్లతోనో చీముగడ్డలతోనో ఆస్పత్రికి వచ్చినవాటిని లెక్కిస్తే మరొకటి. అందుకే "పిల్లుల్లో ఈ జబ్బు ఎంత శాతం?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే "ఏ పిల్లుల్లో?" అని ఎదురు అడుగుతాను.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఎఫ్‌ఐవి ఉన్న పిల్లి ఏళ్ల తరబడి బతుకుతుంది, కాబట్టి వయసు పెరిగేకొద్దీ పాజిటివ్‌ల సంఖ్య పోగవుతూ పోతుంది. ల్యుకేమియా వైరస్ ఒంట్లో గట్టిగా పాతుకుపోయిన పిల్లులు చాలావరకు మూడేళ్లలోపే చనిపోతాయి, అందుకని ఏ రోజు వెళ్లి లెక్కపెట్టినా వాటి సంఖ్య తక్కువగానే కనిపిస్తుంది. ఎక్కువ ప్రాణాలు తీసే జబ్బు లెక్కల్లో చిన్నగా కనిపించడానికి ఇదొక కారణం. రెండు శాతమే కదా అని దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. టీకా 1985 నుంచి ఉంది. పరీక్షలు, టీకాలు జాగ్రత్తగా చేయించిన చోట్ల ఆ వైరస్ బాగా తగ్గింది. ఎఫ్‌ఐవి అలా తగ్గలేదు.

ఇప్పుడు మీ రెండు పాజిటివ్‌ల దగ్గరికి వద్దాం. ఈ శాతాల గొడవ మీకెందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది.

పది నిమిషాల్లో గీత చూపించే ఈ కిట్‌లు మంచివే. కానీ ఏ కిట్టూ నూటికి నూరుపాళ్లు సరిగా చెప్పదు. జబ్బు లేని వంద పిల్లుల్లో రెండింటికి పొరపాటున పాజిటివ్ చూపించే కిట్ ఒకటి ఉందనుకుందాం. ఇంటిపట్టునే ఉండే వెయ్యి పిల్లులను దానితో పరీక్షించాం, వాటిలో నిజంగా జబ్బు ఉన్నవి నూటికి రెండు, అంటే 20. ఆ 20కి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 980లో నూటికి రెండు చొప్పున మరో 20కి కూడా పాజిటివ్ వస్తుంది, వాటికి జబ్బు లేకపోయినా సరే. అంటే పాజిటివ్ అని చెప్పిన 40 పిల్లుల్లో సగం ఆరోగ్యంగా ఉన్నవే! అదే కిట్‌తో వీధుల్లో కొట్లాడే వెయ్యి గండుపిల్లులను చూశాం, వాటిలో నూటికి 20 చొప్పున 200కి జబ్బు ఉంది. మిగిలిన 800లో పొరపాటు పాజిటివ్‌లు 16. మొత్తం 216 పాజిటివ్‌లలో 16 మాత్రమే తప్పు. కిట్ మారలేదు, దాని నాణ్యతా మారలేదు. పిల్లి ఎక్కడి నుంచి వచ్చిందన్నది మారింది, దాంతో ఆ గీతకున్న విలువే మారిపోయింది.

మీ గండుపిల్లి రెండో గుంపులోది. మగది, పెద్దది, బయట తిరిగింది, కాటు గాయంతో వచ్చింది. దాని ఎఫ్‌ఐవి పాజిటివ్‌ని నేను చాలావరకు నమ్ముతాను. అయినా ఇంకో కంపెనీ కిట్‌తో ఒకసారి సరిచూడమని మీ డాక్టర్ గారిని అడగండి.

కూన సంగతి పూర్తిగా వేరు. ల్యుకేమియా వైరస్ దానికి ఎక్కడి నుంచి రావాలి? అది ఇల్లు దాటలేదు. తల్లికి నెగెటివ్. తల్లి బయటికి వెళ్లొచ్చి ఐదు నెలలు దాటింది. వైరస్ అంటి ఉంటే సాధారణంగా 30 రోజుల్లో పరీక్షలో కనపడాలి, కాబట్టి తల్లి నెగెటివ్‌ని నమ్మవచ్చు. కలిసి తిని కలిసి పడుకునే తోబుట్టువుకి నెగెటివ్. గండుపిల్లి వేరే గదిలో ఉంది, పైగా దానికీ ఈ వైరస్ నెగెటివే. వైరస్ ఒంట్లో అణిగి ఉండి రక్తంలో కనపడని తల్లి కూడా పాల ద్వారా కూనకు ఇచ్చే అవకాశం ఉంది, కాదనను, కానీ అది చాలా అరుదు. పైగా ఆ గీత సన్నగా ఉందన్నారు. సన్నగా ఉన్నంత మాత్రాన నెగెటివ్ అని కొట్టిపారేయకూడదు, అయితే రెండోసారి చూడకుండా దాని మీద తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత కారణం ఒకటి ఉంది. నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో సరిగ్గా ఇలాంటి కూన ఒకటి వచ్చింది. బూడిద రంగు, చెవుల చివర నల్లగా ఉండేది. ఒక్క కిట్, ఒక్క గీత. ఇంట్లో ఇంకో ఐదు పిల్లులు ఉన్నాయని ఆ ఇంటివాళ్లు భయపడ్డారు, వాళ్ల భయం నాకూ అంటుకుంది. రెండో పరీక్ష మాట నేను ఎత్తలేదు. ఆ రోజే ఇంజెక్షన్ ఇచ్చి దాని ప్రాణం తీసేశాం. తర్వాత ఆ ఐదింటికీ పరీక్షిస్తే ఒక్కదానికీ ఏమీ లేదు. ఆ కూనకు నిజంగా జబ్బు ఉందో లేదో తెలుసుకునే దారి ఇక మిగల్లేదు. ఇన్నేళ్లయినా ఆ కూన నా మనసులోంచి పోలేదు.

అందుకని మీరు ఇప్పుడు ఇలా చేయండి. కూన రక్తాన్ని ల్యాబ్‌కి పంపి పీసీఆర్ చేయించమనండి. అది వైరస్ డీఎన్‌ఏ కూన కణాల్లో అతుక్కుని ఉందో లేదో చూస్తుంది. కిట్ పరీక్ష కూడా మళ్లీ చేయించండి. ఈసారి నేరుగా రక్తంతో కాకుండా, రక్తాన్ని వేరుచేయగా వచ్చే సీరంతో చేయమని అడగండి, పొరపాట్లు తగ్గుతాయి. ఉమ్మితోనో కన్నీటితోనో చేసే పరీక్షలను నమ్మకండి. రెండు ఫలితాలూ ఒకే మాట చెప్తే సరే. ఒకటి అవునని, ఇంకోటి కాదని చెప్తే ఆరు వారాలు ఆగి మళ్లీ చేయించండి. వైరస్ అప్పుడే అంటుకున్న దశలో ఫలితాలు ఇలా అటూఇటూ ఊగుతాయి.

ఫలితం వచ్చేదాకా ఆ కూనకు వేరే గది, వేరే గిన్నె, వేరే ఇసుక ట్రే పెట్టండి. మూడు నెలల పిల్లను తల్లి దగ్గర నుంచి విడదీయడం మీకు ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు. అది పాలు మానేసి సొంతంగా తినే వయసే, కాస్త ఎక్కువ సేపు మీరే దానితో గడపండి, ఆడించండి. దానికి ఆ బెంగ కొన్నాళ్లే. ఇల్లంతా మందులు చల్లక్కర్లేదు. ఈ వైరస్ బయట ఆరిపోయిన చోట ఎక్కువసేపు బతకలేదు, మామూలు సబ్బునీళ్లకే చచ్చిపోతుంది. గిన్నెలు కడిగి, ఆ కూనను ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు.

రెండో కూనకు, తల్లికి నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. ఈలోగా రెండో కూనకు ల్యుకేమియా టీకా మొదలుపెట్టడం మంచిది. ఎనిమిది, తొమ్మిది వారాల వయసు నుంచి వేయవచ్చు, మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఏడాదికి ఇంకోటి. చిన్నకూనలే ఈ వైరస్‌కి తేలిగ్గా లొంగిపోతాయి, వయసొచ్చిన పిల్లుల్లో కొంత నిరోధం వస్తుంది. అందుకే ఇంట్లోనే పెరిగే కూన అయినా సరే, మొదటి ఏడాదిలో ఈ టీకా వేయించాలన్నదే నా అభిప్రాయం. పెద్దయ్యాక అది తలుపు తీసిన క్షణంలో పారిపోదని ఎవరు చెప్పగలరు? మీ తల్లిపిల్లే అందుకు సాక్ష్యం. టీకా వేస్తే నూటికి నూరుపాళ్లు రక్షణ ఉంటుందని చెప్పను, కాబట్టి టీకా వేశాం కదా అని పాజిటివ్ పిల్లితో కలిపి వదలకండి.

కూనల ఎఫ్‌ఐవి పరీక్షల గురించి మిగతా పాఠకుల కోసం ఒక మాట. ఎఫ్‌ఐవి కిట్ వెతికేది వైరస్‌ని కాదు, దానికి వ్యతిరేకంగా ఒంట్లో తయారైన యాంటీబాడీలను. తల్లికి ఎఫ్‌ఐవి ఉంటే ఆ యాంటీబాడీలు పాల ద్వారా కూనకు వస్తాయి. కూనకు జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. ఆరు నెలలు నిండాక మళ్లీ చూస్తే చాలా కూనల్లో అది నెగెటివ్ అయిపోతుంది. ఈ సంగతి తెలియక వదిలించుకున్న కూనలు ఎన్నో.

ఒకవేళ మీ కూనకు పీసీఆర్‌లోనూ, రెండో కిట్‌లోనూ పాజిటివే వస్తే? అప్పుడు కూడా కథ అయిపోయినట్టు కాదు. ల్యుకేమియా వైరస్ అంటిన పిల్లులన్నీ ఒకే దారిలో వెళ్లవు. కొన్ని దాన్ని పూర్తిగా తరిమేస్తాయి. కొన్నింటిలో అది కణాల్లో అణిగిపోయి, రక్తంలో కనపడకుండా ఉండిపోతుంది. ఆ పిల్లులు వైరస్‌ని బయటికి వదలవు, చాలావరకు మామూలుగా బతుకుతాయి. వాటి రక్తాన్ని మాత్రం ఇంకో పిల్లికి ఎక్కించకూడదు. మిగిలినవాటిలో వైరస్ గెలుస్తుంది. అప్పుడు రక్తహీనత, లింఫోమా అనే క్యాన్సర్, నిరోధకశక్తి పడిపోయి వచ్చే ఇతర జబ్బులు ఒక్కొక్కటిగా వస్తాయి. అలాంటి పిల్లికి కూడా బాగున్న నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. అది తింటూ, ఆడుతూ, మీ కాళ్లకు రుద్దుకుంటూ ఉన్నంతకాలం దానికి తన జబ్బు పేరు తెలియదు. దాన్ని వేరుగా, ప్రేమగా చూసుకోండి. నొప్పితో, ఊపిరాడక బాధపడే రోజు వస్తే, ఆ ఇంజెక్షన్ గురించి అప్పుడు మీ డాక్టర్ గారితో మాట్లాడండి. అప్పటిదాకా ఆ మాట ఎవరు ఎత్తినా వినకండి.

గండుపిల్లి విషయంలో నాకు ఆశ ఎక్కువ. ఎఫ్‌ఐవి సోకిన మొదటి వారాల్లో కొంచెం జ్వరం, గ్రంథుల వాపు ఉండి తగ్గిపోతాయి. చాలాసార్లు ఎవరూ గమనించనే గమనించరు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. మంచి ఇంట్లో పెరిగే ఎఫ్‌ఐవి పిల్లులు మామూలు పిల్లులంత కాలం బతకడం నేను చాలాసార్లు చూశాను. గాయం మానగానే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. దానితో ఊరు తిరగాలన్న కోరిక, పోట్లాట రెండూ తగ్గుతాయి. ఇక బయటికి వదలకండి. దానికి ఇది కొంత కష్టమే, స్వేచ్ఛగా తిరిగిన ప్రాణం, కిటికీ దగ్గర ఎత్తుగా కూర్చునే చోటు ఏర్పాటు చేయండి. ల్యుకేమియా వైరస్ ఇప్పుడు నెగెటివ్ వచ్చినా, మీ దగ్గరికి రాకముందు చివరిసారి దేనితో కలిసిందో తెలియదు కాబట్టి ఆ పరీక్ష ఇంకోసారి చేయించాకే మిగతావాటి దగ్గరికి రానివ్వండి.

దాన్ని తల్లిపిల్లితో కలపవచ్చా అంటే, నెమ్మదిగా కలపవచ్చు. ముందు తలుపు కింద నుంచి వాసనలు తెలియనివ్వండి, తర్వాత జాలీకి అటూ ఇటూ ఉంచి తినిపించండి, ఆ తర్వాతే మీరు దగ్గరుండి కలపండి. ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాక్కున్నా ఎఫ్‌ఐవి అంటడం చాలా అరుదు. గట్టిగా కరుచుకుంటేనే ప్రమాదం. వారాలు గడిచినా బుసలు, దాడులు ఆగకపోతే వేర్వేరు గదులే మేలు. ఎఫ్‌ఐవికి టీకా ఏదైనా ఉందా అని అడుగుతారేమో. అమెరికాలో 2002లో ఒకటి వచ్చింది. రక్షణ అంతంతమాత్రం, పైగా ఆ టీకా వేసిన పిల్లులు పరీక్షలో పాజిటివ్‌గా కనిపించి అయోమయం సృష్టించేవి. 2017కల్లా అమెరికా, కెనడాల్లో అది అమ్మకాల్లోంచి పోయింది. కాబట్టి కాట్లు పడకుండా చూడటమే ఇప్పటికి మనకున్న రక్షణ.

దాని నోటి మీద మాత్రం కన్నేసి ఉంచండి. ఎఫ్‌ఐవి పిల్లులను ఎక్కువగా ఏడిపించేది నోరే. చిగుళ్లు ఎర్రబడి వాచడం, చొంగ కారడం, నోటి దుర్వాసన, ఆకలి ఉన్నా గిన్నె దగ్గరికి వచ్చి వెనక్కి తగ్గడం, ఇవి కనిపిస్తే రోజుల తరబడి చూడకండి. పచ్చిమాంసం పెట్టకండి, అందులోని క్రిములను తట్టుకునే శక్తి దానికి తక్కువ. ఆరు నెలలకోసారి బరువు, రక్తకణాల లెక్క చూపించండి. ఒక నోటు పుస్తకంలో బరువు రాసి పెట్టుకోండి. కంటికి తెలియని తగ్గుదల అంకెల్లో కనిపిస్తుంది.

అడవిపిల్లుల గురించి మీరు అడగడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఇంత భయంలోనూ వాటి గురించి ఆలోచించారు.

సింహాలకు ఎఫ్‌ఐవి ఉంటుందన్నది నిజం, కానీ అది మీ గండుపిల్లి ఒంట్లో ఉన్న వైరస్ కాదు. సింహాలకు వాటి సొంత రకం ఉంది, అమెరికా ఖండపు ప్యూమాలకు వాటి రకం, మంగోలియా చలి మైదానాల్లోని మనుల్ పిల్లికి దాని రకం. టాంజానియాలోని సెరెంగెటిలో పెద్ద సింహాల్లో 90 శాతానికి పైగా పాజిటివ్. అదే నమీబియాలోని ఎటోషా సింహాల్లో, గుజరాత్‌లోని గిర్ సింహాల్లో పరీక్షించినప్పుడు అది కనిపించలేదు. ఎన్నో తరాలుగా ఆ వైరస్‌తో కలిసి బతుకుతున్న సెరెంగెటి సింహాలు దానివల్ల గుంపులు గుంపులుగా చచ్చిపోవడం లేదు. పూర్తిగా హాని లేదని కూడా అనలేం, పాజిటివ్ సింహాల్లో నిరోధక కణాలు తగ్గడం కనిపించింది. చూడండి, 90 శాతం అన్న అంకె వినగానే గుండె ఆగుతుంది, కానీ అక్కడ నిజంగా ప్రాణం మీదికి వచ్చింది తక్కువే.

ఇంటిపిల్లి వైరస్ అడవిలోకి దాటినప్పుడే అసలు ప్రమాదం. ఫ్లోరిడాలో మిగిలిన కొద్దిపాటి ప్యూమాల్లోకి, అక్కడ పాంథర్లని పిలుస్తారు, 2000ల మొదట్లో ల్యుకేమియా వైరస్ చొరబడింది. వైరస్ రక్తంలో దొరికిన 5 పాంథర్లూ చనిపోయాయి, కొన్ని ఆ జబ్బుతో, కొన్ని వాటిలో వాటికి జరిగిన పోట్లాటల్లో. వాటి వైరస్ జన్యువులను పోల్చి చూస్తే అది ఇంటిపిల్లి నుంచి వచ్చిందని తేలింది. అడవిలోని పాంథర్లను పట్టి టీకాలు వేసి ఆపగలిగారు. స్పెయిన్‌లో దొన్యానా ప్రాంతంలోని ఐబీరియన్ లింక్స్‌లకు 2007లో ఇదే జరిగింది. ప్రపంచంలో అప్పటికి అతి తక్కువగా మిగిలిన పిల్లిజాతి అది, కొన్ని నెలల్లోనే కొన్ని చనిపోయాయి. జపాన్‌లోని సుషిమా దీవిలో మాత్రమే ఉండే చిరుతపిల్లుల్లో 1990లలో ఇంటిపిల్లుల ఎఫ్‌ఐవి బయటపడింది. వందల్లో కూడా లేని జంతువుల్లో రెండు శాతం, మూడు శాతం అన్న లెక్కలకు అర్థం ఉండదు. ఒక్క పిల్లి, ఒక్క కాటు చాలు.

మీ తోటలోకి వచ్చే వాటికి మీ పిల్లుల వల్ల ఏమీ కాకూడదంటే మీరు చేయాల్సింది ఇప్పటికే సగం చేస్తున్నారు. గండుపిల్లి ఇంట్లో ఉన్నంతవరకు దాని వైరస్ ఇల్లు దాటదు. మిగతా సగం, వాకిట్లో రాత్రిపూట తిండి గిన్నె వదలకపోవడం. మీలాంటి దయగలవాళ్లే వీధిపిల్లుల కోసం గిన్నె పెడతారు, తప్పు కాదు. కానీ ఆ గిన్నె దగ్గరే ఊరి పిల్లి, అడవిపిల్లి ఎదురుపడి కొట్లాడుకుంటాయి, ఒకదాని ఎంగిలి ఇంకోటి తింటుంది. పగటిపూట పెట్టి, తిన్నాక తీసేయండి. చుట్టుపక్కల తిరిగే పిల్లులకు ఆపరేషన్లు, టీకాలు చేయించేవాళ్లు మీ దగ్గర ఎవరైనా ఉంటే వాళ్లతో చేయి కలపండి. మీ తల్లిపిల్లికి కూడా ఆపరేషన్ చేయించండి, ఇంకోసారి తప్పించుకుని వెళ్లకుండా.

రేపు ఆస్పత్రి తెరవగానే కూన రక్తం ల్యాబ్‌కి వెళ్లేలా చూడండి. పీసీఆర్ ఫలితం వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఏదొచ్చినా సరే. కూనకు ఇంకా పేరు పెట్టినట్టు లేరు, పేరు కూడా రాయండి.